గ్రాఫు తగ్గింది, చప్పట్లు కొట్టినాం

నేను వైద్య ఆరోగ్య శాఖలో గణాంకాల పని చేసి రిటైరైనాను. మొదటి సగం కడప జిల్లాలో, మిగతా సగం కర్నూల్లో. మా కోడుమూరులో ఎవరైనా "ఏం ఉద్యోగం చేస్తాంటివి సారూ" అని అడిగితే లెక్కలు రాసే పని అంటాను. వాళ్లు జీతాల లెక్కలనుకుంటారు. నేనూ సరిదిద్దను.

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఫోన్ చేసి, గ్రాఫులు బాగా వేయాలంటే ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి సార్ అని అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. గ్రాఫు వేయడం ఎవరికైనా తొందరగానే వస్తుంది. వేసిన గ్రాఫును చూసి ఒక మాట చెప్పడం, ఆ మాట నిజమేనా అని చెప్పే ముందే అనుమానపడడం, ఇది నాకు రిటైరయ్యేదాకా కూడా పూర్తిగా రాలేదు. వచ్చిన ఆ కొంచెం కూడా ఎవరిదో ప్రాణం మీదికి వచ్చిన తర్వాత వచ్చింది.

పని అంటే ఇదీ

ప్రతి ఆరోగ్య కేంద్రం నుంచి నెలనెలా లెక్కలు వస్తాయి. ఎన్ని కాన్పులు, ఎన్ని టీకాలు, ఎన్ని జ్వరాలు, ఎన్ని మరణాలు. మేము చేరినప్పుడు కాగితాల మీద వచ్చేవి, తర్వాత కంప్యూటర్లోకి వచ్చినాయి. వాటిని బొమ్మగా మార్చి మీటింగులో గోడ మీద చూపించాలి.

చూసేవాళ్లు అంకెలు చదవరు. ఏ పట్టీ పొడుగు, ఏది పొట్టి, ఏ గీత పైకి పోతాంది, ఏది దిగుతాంది, అంతే చూస్తారు. పొడుగు పట్టీ కింద ఒక ఊరి పేరుంటుంది. ఆ ఊర్లో పనిచేసే మనిషి అదే హాల్లో వెనక వరసలో కూర్చొని, తన పేరు ఎప్పుడొస్తుందా అని చేతులు నలుపుకుంటా ఉంటుంది. మనం ముందు వరస వైపు తిరిగి మాట్లాడతాం కాబట్టి ఆ వెనక వరస మనకు కనపడదు.

బద్వేలులో సుబ్బరాయుడు సారు

కొత్తలో బద్వేలు వైపు పనిచేసేటప్పుడు నా పై అధికారి సుబ్బరాయుడు సారు. మంచి మనిషని చెప్పను. సెలవు అడిగితే ముఖం మాడ్చుకునేవాడు, నోరు కూడా మంచిది కాదు. కానీ గ్రాఫు చూడడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఒకసారి మలేరియా గ్రాఫు వేసినాను. వానలు పడే నెలలో గీత ఒక్కసారిగా నేల మీదికి దిగింది. నేను సంబరపడి కింద "జ్వరాలు గణనీయంగా తగ్గాయి" అని రాసి ఇచ్చినాను. సారు కళ్లద్దాలు పైకి నెట్టి చూసినాడు.

"ఏమప్పా, జ్వరాలు మనుషులకు తగ్గినాయా, మన కాగితంలో తగ్గినాయా?"

"అర్థం కాలేదు సార్."

"రక్తం స్లైడ్లు చూసేటోడు ఆ నెల ఉండాడో లేడో కనుక్కోని రాపో."

కనుక్కుంటే లేడు. అతని భార్యకు ఆపరేషనై, తిరుపతిలో ఉండిపోయినాడు. పరీక్ష చేసేవాళ్లు లేక స్లైడ్లన్నీ అట్టపెట్టెల్లో అట్లే ఉన్నాయి. ఊర్లలో జ్వరాలు ఎప్పటికంటే ఎక్కువే ఉన్నాయి. నేను రాసిన ఆ ఒక్క వాక్యం పైకి పోయింటే, మందు పిచికారీ చేసే మనుషుల్ని వేరే మండలానికి పంపేసేవాళ్లు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత కర్నూల్లో నేను చేసింది తెలియక చేసింది కాదు. తెలిసినోడినే.

ఎర్ర రంగు

కర్నూల్లో నా అనుభవం ముదిరిన తర్వాత మాకు ఒక కొత్త ఆఫీసరు వచ్చినాడు. చిన్న వయసు, కోస్తా వైపు మనిషి. పొద్దున్నే వచ్చి కూర్చునేవాడు, ఊర్లు తిరిగేవాడు. పుట్టిన బిడ్డలు చనిపోవడం ఆయనకు నిజంగా బాధ. అందుకే ఒకరోజు నన్ను పిలిచి, ఏ కేంద్రంలో ఎంతమంది పసిబిడ్డలు చనిపోయినారో పట్టీలుగా వేయమన్నాడు. పొడుగు నుంచి పొట్టికి వరసగా పెట్టి, ముందున్న వాటికి ఎరుపు వేయమన్నాడు.

వేసినాను. చూడముచ్చటగా వచ్చింది. అన్నిటికంటే పొడుగు పట్టీ మా కోడుమూరు నుంచి లోపలికి, ఎర్రమట్టి రోడ్డు పట్టుకోని పోతే వచ్చే ఒక చిన్న ఆరోగ్య కేంద్రానిది. అక్కడ డాక్టరు పోస్టు ఎప్పుడూ ఖాళీయే. ఆసుపత్రిని నడిపేది ఖాసింబీ అనే స్టాఫ్ నర్సు. చుట్టుపక్కల ఊర్లోళ్లు ఖాసింబమ్మ అంటారు. మొగుడు చిన్న వయసులోనే పోయినాడు, ఆసుపత్రి వెనక క్వార్టర్స్‌లోనే కాపురం.

మీటింగులో ఆ స్లైడు పడినప్పుడు ఆఫీసరు కాసేపు దాన్నే చూసి, "ఈ మొదటిది ఎవరిది?" అని అడిగినాడు.

ఖాసింబీ వెనక నుంచి లేచి నిలబడింది. "నాది సార్. డాక్టరు లేడు. నేను నర్సును."

"ఏంటమ్మా ఇది? జిల్లాలో అందరికంటే మీ దగ్గరే ఎందుకు చనిపోతున్నారు పిల్లలు?"

"మా కాడికి శానా మంది వస్తారు సార్. పక్క సెంటర్ల నుంచి గూడా వస్తారు. కష్టమైన కాన్పులు..."

"కష్టమైన కాన్పులు అందరికీ వస్తాయి."

"వస్తాయి సార్. వాళ్లు చేర్చుకోరు, కర్నూలుకు పొమ్మంటారు. నేను పంపితే దారిలోనే అయితాదని..."

"నేను కారణాలు అడగడం లేదమ్మా."

అప్పుడామె నా వైపు చూసింది. "ఆ సారును అడగండి సార్. మా కాడ ఎన్ని కాన్పులు అయితాయో ఆయప్పకు తెలుసు. నెలనెలా నేనే పంపుతాండా."

ఆఫీసరు నా వైపు తిరిగినాడు. "రామాంజనేయులు గారూ, ఏమంటారు?"

నాకు తెలుసు. ఆమె దగ్గర జరిగే కాన్పులు పక్క కేంద్రాల్లో జరిగే వాటికి ఎన్నో రెట్లు. చావుల్ని కాన్పులతో భాగించి నూటికి ఇన్ని అని వేస్తే ఆ పట్టీ మొదట ఉండదు, ఎక్కడో మధ్యలోకి పోతుంది. కాన్పుల లెక్క అదే కంప్యూటర్లో, ఆ స్లైడు వెనకనే ఉంది. తీసి చూపించడానికి కొద్దిసేపు చాలు. కానీ అది చూపించడమంటే, ఇంతసేపూ గోడ మీద పెట్టిన నా బొమ్మే తప్పని అంత మంది ముందు చెప్పుకోవడం. పైగా ఆఫీసరు కోపంగా ఉన్నాడు.

"అది వేరే షీట్లో ఉంది సార్. ఈరోజు ప్రెజెంటేషన్లో పెట్టలేదు."

"సరే, తర్వాత చూద్దాం. నెక్స్ట్."

నెక్స్ట్ అంటే నేను బటన్ నొక్కాలి. నొక్కినాను. తెర మీద టీకాల గ్రాఫు వచ్చింది. ఖాసింబీ కూర్చోవాలా నిలబడాలా తెలియక ఇంకా నిలబడే ఉంది. పక్కనున్న నర్సు కొంగు పట్టి లాగితే కూర్చుంది.

ఆ "తర్వాత" రాలేదు. నేను గుర్తు చేయలేదు. నెల తిరగకముందే ఆమెను కర్నూలులో మందుల స్టోరుకు మార్చినారు. కాన్పులు లేని చోటు.

చప్పట్లు

ఇక్కడ కొత్తవాళ్లు జాగ్రత్తగా వినాలి. తప్పు గ్రాఫు కంటే ప్రమాదమైనది, ఆ తప్పు గ్రాఫు సరైందే అని చెప్పడానికి వచ్చే రెండో గ్రాఫు.

ఖాసింబీ పోయిన తర్వాత ఆ ఎర్ర పట్టీ నెలనెలా కుంచించుకుపోయింది. కొన్నాళ్లకు వరసలో అన్నిటికంటే చివరికి చేరి, ఆకుపచ్చ రంగులోకి మారింది. ఆఫీసరు సంతోషం ఇంతా అంతా కాదు. ముందు పట్టీ ఒకటి, తర్వాత పట్టీ ఒకటి పక్కపక్కన పెట్టి ఒక స్లైడు చేయమన్నాడు. చేసినాను. పైన "చర్యకు ముందు, చర్యకు తర్వాత" అని నేనే రాసినాను. ఆ బొమ్మను పైవాళ్ల మీటింగులో చూపిస్తే హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టినాను. తర్వాత మా ఆఫీసులో చిన్న సభ పెట్టి నాకు శాలువా కప్పినారు. ఆ ఫోటో మా ఆవిడ చుట్టాలందరికీ పంపింది.

పట్టీ ఎందుకు తగ్గిందని నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు. నేను నిజం దాచిపెట్టి నటించినానని అనుకోవద్దు. అంతకంటే అధ్వానం. ఆమె నిజంగానే పని సరిగ్గా చేయలేదేమో, మనం చేసింది మంచిదేనేమో అని నమ్మేసినాను. దిగే గీతను చూస్తే మనసుకు అంత హాయిగా ఉంటుంది.

సుంకన్న ఫోన్

మా చిన్నాయన కొడుకు సుంకన్న. ఖాసింబీ పనిచేసిన ఆ ఆసుపత్రికి దగ్గర ఊర్లోనే ఉంటాడు, జొన్న, ఆముదం వేస్తాడు. ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఫోన్ చేసినాడు.

"అన్నా, మా సువర్ణకు నొప్పులొచ్చినాయి. ఈడ ఆసుపత్రికి తెస్తే చేర్చుకోము, కర్నూలుకు తీసుకపోండి అంటాండారు. అంబులెన్సు యాడనో ఉండాదంట. ఆటోలో బయల్దేరినాం. పెద్దాసుపత్రిలో నీకు తెలిసినోళ్లు ఉండారు కదా, కొంచెం చెప్పు అన్నా."

సువర్ణ వాళ్ల కోడలు. మొదటి కాన్పు. నేను తెలిసిన వాళ్లకు ఫోన్లు చేసి, పెద్దాసుపత్రి గేటు కాడికి పోయి నిలబడినాను. ఎండ మండిపోతాంది. ఆటో వచ్చేసరికి ముందు సీట్లో ఉన్న సుంకన్న దిగలేదు. వెనక సువర్ణ తల వాళ్ల అత్త ఒళ్లో ఉంది. అత్త చేతుల్లో ఒక చీర మూట.

నర్సులు వచ్చి సువర్ణను స్ట్రెచర్ మీద లోపలికి తీసుకపోయినారు. రక్తం ఎక్కువ పోయింది గానీ బతికించినారు. బిడ్డ దారిలోనే పుట్టి, దారిలోనే పోయింది. ఆడపిల్ల.

సాయంత్రం వరండాలో నేల మీద కూర్చొని సుంకన్న అన్నాడు: "ఖాసింబమ్మ ఉన్నింటే ఈ గతి పట్టేది కాదన్నా. ఆయమ్మ ఎవరినీ పొమ్మనేది కాదు. ఇప్పుడొచ్చినామె మంచిదే గానీ శానా భయపడతాది. కొంచెం అటిటుగా ఉంటే చాలు, పంపించేస్తాది. ఎవరో ఆ ఖాసింబమ్మను ఈడ లేకుండా చేసినారు. వాళ్లకేం తెలుస్తాది?"

కొత్త నర్సు ఎందుకు భయపడుతుందో నాకు తెలుసు. ఆ రోజు మీటింగులో ఖాసింబీ కొంగు పట్టి లాగి కూర్చోబెట్టింది ఆమే. తన దగ్గర ఒక బిడ్డ చనిపోతే ఏమవుతుందో కళ్లారా చూసింది. నా గ్రాఫు నుంచి ఆమె తీసుకున్న అర్థం అది.

ఇంటికి పోయేటప్పుడు ఇంకొకటి తట్టింది. సువర్ణ బిడ్డ ఆ ఆరోగ్య కేంద్రంలో పుట్టలేదు, చనిపోలేదు. కాబట్టి ఈ నెల కూడా వాళ్ల పట్టీ నేల మీదే ఉంటుంది. నేను దాన్ని మళ్లీ ఆకుపచ్చ రంగులో వేస్తాను.

ఇంకో రకంగా వేసిన గ్రాఫు

మరుసటి రోజు నుంచి లెక్కలన్నీ మళ్లీ తీసినాను. ఈసారి బిడ్డ ఎక్కడ చనిపోయింది అని కాకుండా, తల్లి ఏ ఊరిది అని చూసినాను. ఇంట్లో పోయినవాళ్లు, దారిలో పోయినవాళ్లు, పెద్దాసుపత్రికి చేరినాక పోయినవాళ్లు, అందరినీ వాళ్ల సొంత ఊరికి తెచ్చి కలిపినాను. ఆశా కార్యకర్తలకు ఫోన్లు చేసి అడిగినాను. కొందరు, "ఇది యాడ రాయాలో తెలీక వదిలేసినాం సార్" అన్నారు.

కొత్త బొమ్మలో తగ్గుదల లేదు. ఖాసింబీ పోయిన తర్వాత ఆ ఊర్ల పట్టీ పెరిగింది. మొదట తగ్గింది చావులు కాదు, ఆ ఆసుపత్రి గడప లోపల జరిగే చావులు.

ఆఫీసరు దగ్గరికి తీసుకపోయినాను. ఆయన చాలాసేపు చూసినాడు.

"ఇది ముందే ఎందుకు వేయలేదు?"

"మీరు అడగలేదు సార్" అనబోయి ఆగినాను. ఆ మాట అంటే ఇంక నాకు నా మీద గౌరవం మిగలదు. "ఆ రోజే వేయాల్సింది సార్. ఆమె అడిగింది. నేను మాట దాటేసినాను" అన్నాను.

ఆయన కేకలేయలేదు. వేసింటే బాగుండేది. కాగితం బోర్లించి పెట్టి, "నేనూ ఆమెను చెప్పనీయలేదు కదండీ" అన్నాడు. ఖాసింబీని వెనక్కి పంపమని ఆయనే పైకి రాసినాడు. ఆర్డరు వచ్చింది.

మందుల స్టోరులో

ఆ ఆర్డరు సంగతి నేనే చెప్తానని స్టోరుకు పోయినాను. ఖాసింబీ సెలైన్ పెట్టెల మధ్య స్టూలు మీద కూర్చొని ఉంది. నన్ను చూసి లేచింది. కూర్చోమ్మా అన్నా కూర్చోలేదు.

జరిగిందంతా చెప్పినాను. సువర్ణ సంగతి కూడా.

"ఆటోలోనా?" అని అడిగింది. తర్వాత, "మొదటి కాన్పు కదా. వాళ్లు తొందరపడి తెచ్చినా ఉంచుకోవాల్సింది" అన్నది. నర్సు నర్సే.

"తప్పు నాదమ్మా. ఆ పొద్దు నువ్వు నన్ను అడిగితివి. నేను చెప్పకపోతిని."

"అవును సార్, చెప్పలేదు" అన్నది. ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. జరిగింది జరిగినట్లు చెప్పింది. అది మోయడం కష్టమైంది నాకు.

"నీకు వెనక్కి ఆర్డరు వచ్చింది. నీ ఆసుపత్రి నీకే."

ఆమె తల అడ్డంగా ఊపింది. "పోను సార్. ఈడ్నే ఉంటానని రాసిస్తా."

"అక్కడ నీ కోసం ఎదురుచూస్తాండారమ్మా."

"తెలుసు. ఫోన్లు చేస్తానే ఉండారు." ఆమె రెండు అరచేతులు చూసుకుంది. "ముందు బిడ్డ అడ్డం తిరిగినా, పేగు మెడకు చుట్టుకున్నా నాకు భయం ఉండేది కాదు సార్. బిడ్డ సంగతే చూసేదాన్ని. ఇప్పుడు పోతే, ఈ బిడ్డ పోతే మళ్లా నిలబెడతారేమో అని ముందు అది వస్తాది మనసులోకి. అట్ల అనుకుంటా కాన్పు చేయకూడదు."

నేను ఇంకేదో చెప్పబోయినాను. ఎవరో మందులు కావాలని ఇండెంటు కాగితం పట్టుకోని వచ్చినారు. ఆమె అటు తిరిగి మందులు తీసివ్వడం మొదలుపెట్టింది. రిటైరయ్యేదాకా ఆ స్టోరులోనే పనిచేసింది. మనిషిని తన పనికి ఎట్లా దూరం చేయొచ్చో నాకు అప్పుడు తెలిసింది. ఉద్యోగం తీసేయనక్కర్లేదు.

కొత్తవాళ్లకు

మీకు చెప్పేది ఏమంటే, ఎవరు ఎక్కువ పని నెత్తికెత్తుకుంటారో వాళ్ల దగ్గరే చెడ్డ లెక్కలు ఎక్కువగా ఉంటాయి. ఎవరు నిజం రాస్తారో వాళ్ల పట్టీ పొడుగు. పొడుగు పట్టీ కనపడగానే తిట్టడానికి మనిషిని వెతక్కండి, అక్కడికి పోయి చూడండి. పట్టీ తగ్గినప్పుడు మరీ అనుమానపడండి, ఎందుకంటే తగ్గినప్పుడు ఎవరూ ఏమీ అడగరు. వెనక వరస నుంచి ఎవరైనా మిమ్మల్ని సాక్ష్యం అడిగితే, ఆ షీటు అప్పుడే తెరవండి. "తర్వాత" అనేది లేదు.

ఇది చదివి కొందరు నన్ను నిజాయితీపరుడు అంటారేమో. అనవద్దు. రెండో గ్రాఫు వేయడానికి నాకు నా తమ్ముడి ఇంటి బిడ్డ చనిపోవాల్సి వచ్చింది. ఇంకెవరి బిడ్డో అయింటే, ఆకుపచ్చ పట్టీలు వేసుకుంటూనే రిటైరయ్యేవాణ్ణి.

సువర్ణ

సుంకన్న ఇంటికి ఎప్పుడు పోయినా నాకు మర్యాద ఎక్కువ. ఆ రోజు నేను గేటు కాడ నిలబడి చేర్పించబట్టే కోడలు దక్కిందని అందరికీ చెప్తాడు. నాకు ముందు వడ్డిస్తారు.

రిటైరైన తర్వాత ఒకరోజు పోయినాను. సుంకన్న చేనికాడ ఉన్నాడు. సువర్ణ ఒక్కతే వసారాలో ఆముదాలు వలుస్తాంది. ఇప్పుడు ఆమెకు ఒక కొడుకు, బడికి పోతాండాడు. పక్కన కూర్చొని ఆమెకు మొత్తం చెప్పినాను. మీటింగు, ఎర్ర రంగు, ఖాసింబీ నన్ను అడగడం, నేను బటన్ నొక్కడం.

ఆమె వలవడం ఆపలేదు. అంతా విని, "మా పాప ఆ బొమ్మలో ఉండాదా మామా?" అని అడిగింది.

"లేదమ్మా. మొదటిదాంట్లో లేదు."

"రెండోదాంట్లో?"

"ఉంది."

"నీ కాడ ఉండాదా అది?"

ఫోన్లో ఉంది. తీసి చూపించినాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకొని ఫోన్ పట్టుకుంది. వాళ్ల ఊర్ల పట్టీ ఏదో చూపించినాను. వేలు దాని మీద పెట్టింది. తెర కదిలి బొమ్మ పక్కకు జరిగితే మళ్లీ సరిచేసి ఇచ్చినాను.

"ఇందులో మా పాప ఏది?"

"అందరూ కలిసి ఒకటే పట్టీ అమ్మా. విడిగా కనపడదు."

ఆమె సరేనన్నట్లు తల ఊపింది. ఈసారి తెరకు తగలకుండా, వేలు కొంచెం పైనే ఉంచి, ఆ పట్టీ వెంబడి కింది నుంచి పైదాకా మెల్లగా చూసుకుంటా పోయింది.